తాడుకి ఈ కొస

నాది ఆటోనగర్. లారీ బాడీలకు వెల్డింగ్ పెడతాను.
స్టేడియం వెనక పదిహేను మీటర్ల గోడకి
చట్రం బిగించమంటే వెళ్ళాను.
బిగించాను. కూలి చేతిలో పడింది. బండి స్టార్ట్ చేస్తుంటే
"ఖాజావలీ, బరువైన మనిషివి, ఒక్క నిమిషం ఈ తాడు పట్టుకో"
అన్నాడు కోచ్.
ఆ నిమిషం పదకొండేళ్ళు నడిచింది.

తాడుకి ఆ కొసన పైడితల్లి.
చిట్టినగర్ సొరంగం మీది కొండ వాళ్ళది.
నూట తొంభై రెండు మెట్లు. ఆ పైన మెట్లూ లేవు, రాయే.
కుళాయి కింద, పొయ్యి పైన.
పదేళ్ళకే నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె.
"ఎక్కడం ఎవరు నేర్పారమ్మా?" అని పేపరాయన అడిగితే
"మున్సిపాలిటీ" అంది,
నవ్వకుండా.

మే నెల్లో గోడమీది పట్టులు పెనాలు.
అందుకే తెల్లవారుజామున, కాకులకంటే ముందు.
అయినా సుద్దపొడి అరచేతుల్లో అట్లపిండయ్యేది.
పోటీల్లో తాడు లాగేది యంత్రం.
సాధనలో ఆ యంత్రాన్ని నేనే.
ఆ రోజుల్లో ఆమె ముఖం నాకు సరిగ్గా తెలీదు.
అరిగిన బూటు అడుగులు తెలుసు,
ఎడమ మడమ దగ్గర ఊడిన కుట్టు తెలుసు.

ఎనిమిది సెకన్లు.
తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయేంతసేపు.
అందులోంచి ఒక అర గీకెయ్యడానికి
నాలుగేళ్ళు రాత్రన్నం మానేసింది.
జాతీయ పోటీల్లో, సెకనుని నూరు ముక్కలు చేస్తే
మూడు ముక్కలు తక్కువ పడ్డాయి.
పేరులో పైడి, మెడలో వెండి.
రైల్వే వాళ్ళు పార్శిల్ ఆఫీసులో కుర్చీ వేశారు.
వెండి బీరువాలోకి పోయింది.

తర్వాత ఆ వాన.
మూడో రోజు రాత్రి కొండ ఒక బండని వదిలేసింది.
మెట్లు కొట్టుకుపోయాయి. పైన, పక్కింటి సన్యాసమ్మ,
విరిగిన కాలుతో, రేకుల కింద.
పైడి ఫోన్ చేసి ఒకటే మాట: "భాయ్, తాడు తే."
బురదలో, టార్చి నోట కరుచుకుని,
ఒక్కో రాయినీ తట్టి, అడిగి, కాదంటే వదిలి,
ఇంకో రాయిని అడిగి...
కిందికి దింపేసరికి తెల్లారింది.
చేతులు కడుక్కుంటూ
"నాలుగు గంటలు, భాయ్" అంది.
బాధగా కాదు. దొరికిన డబ్బు లెక్కపెట్టుకున్నట్టు.

ఆ ఏడే జీతంలేని సెలవు పెట్టి మంచుకొండలకు పోయింది.
నేనేమో చలంటే కొత్తిమీర వాడిపోని కాలం అనుకునేవాణ్ణి.
ఉత్తరాలు రాసే అలవాటు లేదు ఆమెకి. ఫోన్లో ముక్కలు:
పేరులేని శిఖరం, నంబరే ఉంది.
ఒక అడుగు, నాలుగు ఊపిరులు.
ఇంకొక అడుగు.
తొంభై మీటర్లు మిగిలాయనగా
తోటి పిల్ల మాటలు తడబడుతున్నాయట,
ఆమెని తన తాడుకే కట్టుకుని వెనక్కి తిరిగిందట.
"తొంభై మీటర్లేనా? మన గోడకి ఆరింతలు!
యాభై సెకన్లు పట్టేది నీకు!" అని అరిచాను నేను, మూర్ఖంగా.
అటునుంచి చాలాసేపు గాలి.
"అక్కడ గడియారం నొక్కేవాళ్ళు లేరు, భాయ్."

ఊరొచ్చిందని తెలిసి
కిలో మామిడితాండ్ర పట్టుకుని బయల్దేరాను మొన్న.
పదకొండేళ్ళు తాడు పట్టాను కానీ
ఆ మెట్లు ఎన్నడూ ఎక్కలేదు నేను.
ఎనభయ్యో మెట్టుకి చొక్కా తడిసింది.
నూట పదికి మోకాలు తిట్టింది.
నూట ముప్పయ్యో, నలభయ్యో, లెక్క తప్పి కూలబడ్డాను.
కింద ఊరు సగం దీపాలు వేసుకుంది.
గూడ్సు బండి ఒకటి కృష్ణ దాటడానికి
సిగ్నల్ కోసం మూలుగుతోంది.

ఖాళీ బిందెతో దిగుతూ వచ్చింది పైడి.
ముక్కుమీద చర్మం ఊడింది, బుగ్గలు బొగ్గు.
ఇదీ ముఖం.
"లెగు" అనలేదు. "ఇంకెంతలే" అనలేదు.
బిందె పక్కన పెట్టి
నాకంటే ఒక మెట్టు కిందికి వెళ్ళి కూర్చుంది,
నేను జారితే పట్టుకునే చోట.